ఇంగ్లండ్‌లో సెకండరీ స్కూల్ సీటు: ఫారంలో ఏ స్కూలు ముందు రాయాలి?

సెప్టెంబర్ వచ్చిందంటే ఇక్కడ ఇంగ్లండ్‌లో మన తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే చర్చ. వినాయక చవితి పందిట్లో అదే, బతుకమ్మ ఆడే చోట అదే. "మీ బాబు ఇయర్ 6 కదా, ఏ సెకండరీ స్కూల్ పెడుతున్నారు?" అని. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు చెప్పరు. చివరికి ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేసరికి తల తిరిగిపోతుంది. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ఫారం గురించే మాట్లాడతాను. మా ఇద్దరు పిల్లలకీ నేనే నింపాను. ఆ తర్వాత తెలిసినవాళ్ళు చాలామందికి పక్కన కూర్చుని నింపించాను. చూసిందీ, చదివిందీ కలిపి చెప్తాను.

ముందే ఒక మాట. నేను చెప్పేది ఇంగ్లండ్ గురించి మాత్రమే. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లాండ్‌లో పద్ధతులు వేరు. అక్కడ ఉన్నవాళ్ళు మీ కౌన్సిల్ వెబ్‌సైట్ చూసుకోండి.

సరే, మొదటి నుంచి వద్దాం. స్టేట్ స్కూల్ అంటే ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూల్. మన ఊళ్ళో ప్రభుత్వ స్కూల్ అనగానే స్తోమత ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకుంటారు. ఇక్కడ అలా కాదు. నూటికి 90 మందికి పైగా పిల్లలు చదివేది స్టేట్ స్కూళ్ళలోనే. డాక్టర్ల పిల్లలు, బస్సు డ్రైవర్ల పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఫీజు ఒక్క పౌండు లేదు. యూనిఫాం, మధ్యాహ్న భోజనం, స్కూల్ ట్రిప్పుల ఖర్చు మాత్రం మనది. పేర్లు చూసి కంగారు పడకండి. అకాడమీ అన్నా, ఫ్రీ స్కూల్ అన్నా, కమ్యూనిటీ స్కూల్ అన్నా అన్నీ స్టేట్ స్కూళ్ళే. విచిత్రం ఏమిటంటే, ఇక్కడ "పబ్లిక్ స్కూల్" అని పిలిచే పాతకాలపు పెద్ద స్కూళ్ళు మాత్రం వేలకు వేలు ఫీజు కట్టాల్సిన ప్రైవేట్ స్కూళ్ళు.

వీసా గురించి చాలామంది భయపడుతూ అడుగుతారు. "మేం స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చాం, పిల్లలు డిపెండెంట్లు. వీసా మీద 'ప్రభుత్వ నిధులు వాడుకోకూడదు' అని రాసి ఉంది. స్టేట్ స్కూల్‌లో వేస్తే తర్వాత పర్మనెంట్ రెసిడెన్సీకి అడ్డమా?" అని. అడ్డం కాదండి. స్కూల్ చదువు ఆ "ప్రభుత్వ నిధుల" లెక్కలోకి రాదు. పిల్లల జాతీయత చూసో, ఇమ్మిగ్రేషన్ స్థితి చూసో సీటు కాదనకూడదని స్కూల్ అడ్మిషన్స్ కోడ్‌లోనే ఉంది. ఈ కోడ్ అనే మాట గుర్తు పెట్టుకోండి. ఇంగ్లండ్‌లో ఉన్న స్టేట్ స్కూళ్ళన్నీ దానికి కట్టుబడి ఉండాలి. ఇప్పుడు అమల్లో ఉన్నది 2021లో వచ్చింది. అయితే విజిట్ వీసా మీద కొన్నాళ్ళు ఉండి వెళ్ళే పిల్లల సంగతి వేరు, దాన్ని దీంతో కలపకండి.

ఇక తేదీలు. ఇక్కడ సెకండరీ స్కూల్ ఇయర్ 7తో మొదలవుతుంది, అంటే పిల్లలకు 11 ఏళ్ళు నిండాక వచ్చే సెప్టెంబర్‌లో. దానికి అప్లై చేయాల్సింది అంతకు ముందు ఏడాది, ఇయర్ 6లో అడుగు పెట్టగానే. చాలా కౌన్సిళ్ళలో సెప్టెంబర్ మొదట్లో ఆన్‌లైన్ ఫారం తెరుచుకుంటుంది. ఆఖరి తేదీ అక్టోబర్ 31. దేశమంతా అదే తేదీ. ఫలితం మార్చి 1న. ఆ రోజు శని, ఆదివారాలు వస్తే తర్వాతి పనిదినం. 2025లో మార్చి 1 శనివారం కాబట్టి 3వ తేదీన చెప్పారు.

అక్టోబర్ 31 అంటే మనకి దసరా, దీపావళి హడావిడి రోజులు. పైగా ఆ నెలలో స్కూళ్ళకు హాఫ్ టర్మ్ సెలవులు, కొంతమంది ఇండియా కూడా వెళ్తారు. ఆ హడావిడిలో తేదీ దాటిపోయిందనుకోండి, మీ అప్లికేషన్ లేటు కిందకి వెళ్ళిపోతుంది. మామూలుగా అయితే టైముకి వచ్చిన వాటన్నిటికీ సీట్లు ఇచ్చాకే మీది తీస్తారు. అప్పటికి మంచి పేరున్న స్కూళ్ళు నిండిపోయి ఉంటాయి. కాబట్టి సెప్టెంబర్‌లోనే ఒక ఫారం పంపించేసి పెట్టండి. చివరి తేదీ లోపల మళ్ళీ లోపలికి వెళ్ళి మార్చుకోవచ్చు. మార్చిన ప్రతిసారీ "సబ్మిట్" నొక్కడం మాత్రం మర్చిపోకండి. నొక్కాక ధృవీకరణ ఈమెయిల్ వస్తుంది. అది రాలేదంటే అప్లికేషన్ వెళ్ళనట్టే అనుకోండి.

ఎవరికి అప్లై చేయాలి? స్కూలుకి కాదు. మీరు ఏ కౌన్సిల్ పరిధిలో ఉంటున్నారో, అంటే కౌన్సిల్ టాక్స్ ఎవరికి కడుతున్నారో, ఆ కౌన్సిల్‌కి. పక్క కౌన్సిల్‌లో ఉన్న స్కూల్ కావాలన్నా సరే, మీ కౌన్సిల్ ఫారంలోనే రాయాలి. వాళ్ళే ఆ కౌన్సిల్‌కి పంపుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఫారంలో స్కూళ్ళ పేర్లు ఒక వరసలో రాయమంటారు. కనీసం మూడు స్కూళ్ళు రాసే అవకాశం ప్రతి కౌన్సిల్ ఇవ్వాలి. లండన్‌లో అయితే ఆరు. ఈ వరస దగ్గరే మనవాళ్ళు ఎక్కువగా దెబ్బ తింటున్నారు. కారణం, ఆ వరస చూసి స్కూల్ సీటు ఇస్తుందని అనుకోవడం.

మీలో చాలామంది ఎంసెట్ రాసి, నెట్ సెంటర్‌లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నవాళ్ళే కదా. అక్కడ ఏం చేశాం? బాగా ఇష్టమైన కాలేజీ పైన, దాని తర్వాతది దాని కింద పెట్టుకుంటూ పోయాం. మన ర్యాంకుకి పైదాంట్లో సీటు లేకపోతే కిందిదానికి దిగింది. మనం వాళ్ళని ఐదో ఆప్షన్‌గా పెట్టామని ఆ ఐదో కాలేజీ మన మీద అలగలేదు. ఇక్కడా అచ్చంగా అదే పద్ధతి. మీరు రాసిన ప్రతి స్కూలూ మీ పిల్లని సమానంగానే చూస్తుంది. మొదట రాసినవాళ్ళకి ఎక్కువ, మూడోది రాసినవాళ్ళకి తక్కువ అని స్కూల్ చూడకూడదు. అది కోడ్ ప్రకారం నిషిద్ధం.

కానీ ఎంసెట్‌కీ దీనికీ రెండు తేడాలున్నాయి. ఒకటి, అక్కడ వందల ఆప్షన్లు పెట్టుకోవచ్చు, ఇక్కడ మూడు నుంచి ఆరు. రెండు, అక్కడ అన్ని కాలేజీలకీ ర్యాంకు ఒకటే. ఇక్కడ స్కూలుకో ర్యాంకు. ఒక స్కూల్ లెక్కలో మీ అమ్మాయి 20వ స్థానంలో ఉండొచ్చు, ఇంకో స్కూల్ లెక్కలో 400వ స్థానంలో ఉండొచ్చు. ఎందుకంటే ప్రతి స్కూలుకీ తన సొంత నిబంధనలు ఉంటాయి.

ఒక ఉదాహరణ చెప్తాను. మీరు మూడు స్కూళ్ళు రాశారు అనుకోండి. మొదటిది ఒక గ్రామర్ స్కూల్. రెండోది ఇంటికి 1.6 మైళ్ళ దూరంలో ఉన్న మంచి పేరున్న స్కూల్. మూడోది 0.7 మైళ్ళ దూరంలో ఉన్న మామూలు స్కూల్. కౌన్సిల్ మీ పిల్లాడి పేరు మూడింటి లెక్కలోనూ వేస్తుంది. గ్రామర్ స్కూల్‌లో 180 సీట్లు, మీవాడు పాసయ్యాడు గానీ వరసలో 210వ వాడు. కాబట్టి కుదరలేదు. రెండో స్కూల్‌లో సీట్లు 1.4 మైళ్ళ దగ్గర ఉన్న పిల్లలతో అయిపోయాయి. అదీ కుదరలేదు. మూడోదాంట్లో దగ్గరివాళ్ళ లెక్కలో మీవాడున్నాడు. అది వస్తుంది. ఒకవేళ రెండోదీ, మూడోదీ రెండూ సరే అన్నాయనుకోండి, మీకు వచ్చేది ఒక్కటే ఆఫర్. మీరు పైన రాసింది, అంటే రెండోది వస్తుంది. మూడోదాంట్లో మీ సీటు ఇంకో పిల్లకి వెళ్తుంది.

ఇప్పుడు చూడండి, భయపడి "మూడోది గ్యారంటీగా రావాలి కాబట్టి దాన్నే మొదట రాద్దాం" అన్నారనుకోండి. రెండో స్కూల్ సీటు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా సరే, మీకు దగ్గరి స్కూలే వస్తుంది. చేతికి వచ్చేదాన్ని మీరే వదులుకున్నట్టు. దగ్గరి స్కూల్‌ని మూడో స్థానంలో రాసినంత మాత్రాన ఆ సీటు బలహీనపడదు. ఇంకొందరు ఒకే స్కూల్ పేరు మూడుసార్లు రాస్తారు, లేదా ఒక్కటే రాసి మిగతా గడులు ఖాళీగా వదిలేస్తారు, "మాకు ఇదే కావాలి అని గట్టిగా చెప్పినట్టు ఉంటుంది" అని. గట్టిగా చెప్పడం అనేది ఈ లెక్కలో లేదండి. ఆ ఒక్కటీ రాకపోతే, అందరికీ ఇచ్చాక ఎక్కడ సీటు మిగిలిందో అక్కడ వేస్తారు.

నాకు తెలిసిన ఒక ఇంట్లో అదే జరిగింది. అబ్బాయి చాలా తెలివైనవాడు. రెండు గ్రామర్ స్కూళ్ళు మాత్రమే రాశారు. రెండూ రాలేదు. మార్చి 1న వచ్చిన ఈమెయిల్‌లో ఉన్నది వాళ్ళు అంతవరకూ పేరు కూడా వినని స్కూల్. రెండు బస్సులు మారి వెళ్ళాలి. వాళ్ళ ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక స్కూల్ ఉంది. వాళ్ళకన్నా దూరంగా ఉన్న పిల్లలకు ఆ ఏడాది దాంట్లో సీట్లు వచ్చాయి. కింది గడిలో ఆ పేరు రాసి ఉంటే వచ్చేది. ఆ అబ్బాయి వాళ్ళమ్మ ఒక్కటే అడిగింది నన్ను, "అది రాస్తే గ్రామర్ స్కూల్ వాళ్ళు మమ్మల్ని తక్కువగా చూస్తారని చెప్పారు, నిజం కాదా?" అని. నిజం కాదు. ఈ ఎపిసోడ్ చేయడానికి ఆ ప్రశ్నే ముఖ్య కారణం.

కాబట్టి సూత్రం చిన్నదే. మీకు ఏది ఎంత ఇష్టమో ఆ వరసలోనే నిజాయితీగా రాయండి. అన్ని గడులూ వాడండి. వాటిలో కనీసం ఒకటి మాత్రం కిందటి ఏళ్ళ లెక్కల ప్రకారం మీకు దాదాపు ఖాయంగా వచ్చే స్కూల్ అయి ఉండాలి.

"ఖాయంగా వచ్చేది ఏదో మాకెలా తెలుస్తుంది?" అంటారు. దానికి నిబంధనలు చదవాలి. ప్రతి స్కూలుకీ ఏడాదికి ఇన్ని సీట్లు అని ముందే ప్రకటించిన సంఖ్య ఉంటుంది. దరఖాస్తులు అంతకన్నా ఎక్కువ వస్తే ఎవరిని ముందు తీసుకోవాలో ఒక వరస ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు కౌన్సిల్ ఇచ్చే ఇ.హెచ్.సి. ప్లాన్‌లో ఆ స్కూల్ పేరు ఉంటే, వాళ్ళని తీసుకుని తీరాలి. ఆ తర్వాత కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలు, ఇదివరకు అలా ఉన్న పిల్లలు. ఇది అన్ని స్కూళ్ళకీ వర్తిస్తుంది. అక్కణ్ణుంచి స్కూలుకో తీరు. చాలాచోట్ల అక్కో అన్నో అదే స్కూల్‌లో చదువుతుంటే ముందు. కొన్నిచోట్ల క్యాచ్‌మెంట్ అని ఒక గీత గీసి, ఆ గీత లోపల ఇల్లున్నవాళ్ళు ముందు. కొన్నిచోట్ల ఫలానా ప్రైమరీ స్కూల్ నుంచి వచ్చినవాళ్ళు ముందు. చివరికి చాలావరకు తేల్చేది దూరం.

దూరం అంటే గూగుల్ మ్యాప్‌లో కారు వెళ్ళే దారి కాదు. చాలా కౌన్సిళ్ళు ఇంటి నుంచి స్కూలుకి తిన్నగా గీసిన గీతను కొలుస్తాయి. కొన్ని మాత్రం నడిచే దారి కొలుస్తాయి. ఏది కొలుస్తారో, ఏ గేటు వరకు కొలుస్తారో నిబంధనల్లో రాసి ఉంటుంది. కౌన్సిల్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ కొలతే లెక్క, మన ఫోన్ కొలత కాదు.

ప్రతి కౌన్సిల్ సెప్టెంబర్ 12 లోపల అడ్మిషన్ల పుస్తకం ఆన్‌లైన్‌లో పెట్టాలి. దాంట్లోనో, కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనో కిందటి ఏడాది ఏ స్కూల్‌లో చివరి సీటు ఎంత దూరంలో ఉన్న పిల్లకి వచ్చిందో చాలావరకు దొరుకుతుంది. వీలైతే రెండు మూడేళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. ఉదాహరణకి ఒక స్కూల్‌లో చివరి దూరం 1.9, 1.7, 1.5 మైళ్ళు అని ఏటేటా తగ్గుతూ వస్తోంది, మీ ఇల్లు 1.45 దగ్గరుంది అనుకోండి. అది ఆశ పెట్టుకోవచ్చు గానీ ఖాయం కాదు. మీ ఇల్లు 0.6 దగ్గరుంటే ధైర్యంగా ఉండొచ్చు. కిందటేడు వచ్చింది కాబట్టి ఈ ఏడాదీ వస్తుందని ఎవరూ రాసివ్వరు. పక్కన కొత్త అపార్ట్‌మెంట్లు లేచినా, ఆ స్కూలుకి మంచి రిపోర్ట్ వచ్చినా వలయం చిన్నదైపోతుంది.

గ్రామర్ స్కూళ్ళ గురించి చెప్పకపోతే మనవాళ్ళు ఊరుకోరు. ఇంగ్లండ్ మొత్తం మీద గ్రామర్ స్కూళ్ళు 163. అవీ అన్ని చోట్లా లేవు. కెంట్, బకింగ్‌హామ్‌షైర్ లాంటి చోట్ల చాలా ఉన్నాయి. రెడింగ్, స్లౌ, సటన్ లాంటి చోట్ల కొన్ని ఉన్నాయి. చాలా కౌంటీల్లో అసలు లేవు. ఇవీ స్టేట్ స్కూళ్ళే, ఫీజు లేదు, కానీ 11 ప్లస్ అనే పరీక్ష పాసవ్వాలి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సినవి మూడు.

ఒకటి, పరీక్షకి రిజిస్ట్రేషన్ వేరు, అక్టోబర్ ఫారం వేరు. రిజిస్ట్రేషన్ చాలాచోట్ల ఇయర్ 5 వేసవిలోనే ముగిసిపోతుంది. కెంట్‌లో జూన్‌లో తెరిచి జులై మొదట్లో మూసేస్తారు. బకింగ్‌హామ్‌షైర్‌లో అయితే అక్కడి స్టేట్ ప్రైమరీల్లో చదివే పిల్లల పేర్లు వాటంతటవే చేరతాయి. ప్రైవేట్‌లో చదివేవాళ్ళూ, బయటి నుంచి రాసేవాళ్ళూ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. రెండు, పరీక్ష మామూలుగా సెప్టెంబర్‌లో ఉంటుంది, ఫలితం అక్టోబర్ 31 కన్నా ముందే తెలుస్తుంది. కాబట్టి ఫలితం చూసుకుని వరస సర్దుకోవచ్చు. మూడు, పాసవ్వడం అంటే సీటు రావడం కాదు. కొన్ని గ్రామర్ స్కూళ్ళు మార్కుల వరసలో తీసుకుంటాయి. కొన్ని పాసైనవాళ్ళలో దగ్గరివాళ్ళని తీసుకుంటాయి. మీరు పెట్టే స్కూల్ ఏ రకమో తెలుసుకోకుండా మూడేళ్ళ కోచింగ్ మీద డబ్బు పోయడం నాకైతే సబబుగా అనిపించదు.

తర్వాత మతపరమైన స్కూళ్ళు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్, క్యాథలిక్ స్కూళ్ళు చాలా ఉన్నాయి. హిందూ స్టేట్ స్కూళ్ళు కూడా ఉన్నాయి. వాటిలో మొదటిది 2008లో లండన్‌లోని హారోలో మొదలైన కృష్ణ అవంతి ప్రైమరీ. సెకండరీ స్థాయిలోనూ ఆ సంస్థ స్కూళ్ళు నడుపుతోంది. ఇలాంటి స్కూళ్ళు కొన్ని కౌన్సిల్ ఫారంతో పాటు ఇంకో అదనపు ఫారం కూడా అడుగుతాయి. దాన్ని నేరుగా స్కూలుకే పంపాలి. చర్చికి వెళ్ళే మన తెలుగు కుటుంబాలు పాస్టర్ గారి సంతకం ముందే తీసి పెట్టుకోండి. అక్టోబర్ చివర్లో అడిగితే ఆయన ఊళ్ళో ఉండకపోవచ్చు. ఆ అదనపు ఫారం పంపకపోతే మిమ్మల్ని మత ప్రాతిపదిక లేనివాళ్ళ వరసలో చివరికి వేస్తారు.

అడ్రస్ విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. "ఆరు నెలలు ఆ స్కూల్ పక్కన ఫ్లాట్ అద్దెకు తీసుకుని, సీటు వచ్చాక వెనక్కి వచ్చేద్దాం" అనే సలహా మనవాళ్ళలో బాగా తిరుగుతోంది. వద్దండి. కౌన్సిళ్ళు కౌన్సిల్ టాక్స్ రికార్డు చూస్తాయి, అద్దె ఒప్పందం అడుగుతాయి. సొంత ఇల్లు ఉంచుకుని పక్కన అద్దెకు తీసుకుంటే, చాలా కౌన్సిళ్ళు ఆ సొంత ఇంటినే అసలు అడ్రస్‌గా లెక్కేస్తాయి. తప్పుడు వివరాలతో వచ్చిన సీటును వెనక్కి తీసుకునే అధికారం వాళ్ళకి ఉంది. పిల్లకి ఒకసారి "నీకు ఈ స్కూల్ వచ్చింది" అని చెప్పి, తర్వాత లేదని చెప్పాల్సి రావడం ఎంత కష్టమో ఆలోచించండి. నిజంగా ఇల్లు మారుతుంటే దాచకుండా కౌన్సిల్‌కి చెప్పండి, ఏ తేదీ లోపల మారితే కొత్త అడ్రస్ లెక్కలోకి వస్తుందో అడగండి.

ఇంకో సంగతి. ఇక్కడ డొనేషన్ లేదు, తెలిసినవాళ్ళ రికమెండేషన్ లేదు, తల్లిదండ్రులకి ఇంటర్వ్యూ లేదు. మీ జీతం ఎంత, ఏం చదువుకున్నారు అని సీటు కోసం అడగకూడదు. హెడ్‌టీచర్‌ని కలిసి నవ్వుతూ మాట్లాడినంత మాత్రాన వరసలో ముందుకు రారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో స్కూళ్ళు ఓపెన్ ఈవెనింగ్‌లు పెడతాయి. వాటికి వెళ్ళాల్సింది మెప్పించడానికి కాదు, చూడటానికి. పిల్లని కూడా తీసుకెళ్ళండి. అక్కడ చదివే పిల్లల్నే అడగండి, ఎవరైనా ఏడిపిస్తే టీచర్లు ఏం చేస్తారు, హోంవర్క్ ఎంత ఇస్తారు అని. వాళ్ళు పెద్దవాళ్ళకన్నా నిజం చెప్తారు. ఆఫ్‌స్టెడ్ రిపోర్ట్ చదవండి గానీ, ఏ ఏడాదిదో చూసుకోండి. స్కూల్ మొత్తానికీ ఒకే మాటలో ఇచ్చే గ్రేడ్ 2024 సెప్టెంబర్ నుంచి ఎత్తేశారు. కాబట్టి గేటు మీద ఉన్న పాత "అవుట్‌స్టాండింగ్" బోర్డు ఒక్కటే చూసి నిర్ణయించకండి. దూరం కూడా ఆలోచించండి. చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది. 11 ఏళ్ళ పిల్ల రోజూ ఒంటరిగా ఎంత దూరం రాగలదు? ఈ వయసు పిల్లలకు కౌన్సిల్ ఉచిత రవాణా ఇచ్చేది మామూలుగా 3 మైళ్ళ పైన ఉన్నప్పుడే. అదీ మీకు దగ్గరలో ఉన్న తగిన స్కూలుకి వెళ్తుంటేనే. దగ్గరిది వదిలి దూరంది కోరుకుంటే బస్సు ఖర్చు మీదే.

ఇక మార్చి 1. కోరుకున్నది వస్తే సంతోషం. రాకపోతే ఏం చేయాలి? ముందు, వచ్చిన సీటును ఒప్పుకోండి. చాలామంది కోపంతో వద్దు అని కొట్టేస్తారు. ఒప్పుకున్నంత మాత్రాన మీ వెయిటింగ్ లిస్ట్ స్థానం పోదు, అప్పీల్ హక్కూ పోదు. వద్దంటే మాత్రం పిల్ల చేతిలో ఏ సీటూ లేకుండా పోతుంది. ఇంకోచోట సీటు చూపించాల్సిన తొందర కౌన్సిల్‌కి ఉండదు.

తర్వాత, పై వరసలో రాసిన స్కూళ్ళ వెయిటింగ్ లిస్ట్‌లో పేరు ఉందో లేదో చూసుకోండి. కొన్ని కౌన్సిళ్ళు వాటంతటవే పెడతాయి, కొన్నిచోట్ల అడగాలి. ఈ లిస్ట్ రేషన్ షాపు క్యూ లాంటిది కాదు. ఎవరు ముందు వచ్చారన్నది లెక్క కాదు, అవే నిబంధనల వరస. కొత్తగా ఎవరైనా దగ్గరి వీధిలోకి వచ్చి చేరితే మీరు ఐదు నుంచి ఆరుకి దిగొచ్చు. ఎవరైనా ప్రైవేట్ స్కూల్‌కి వెళ్ళిపోతే పైకి రావచ్చు. ఈ లిస్ట్‌ని కనీసం డిసెంబర్ 31 వరకు ఉంచాలి. జూన్, జులైల్లోనూ, స్కూల్ తెరిచిన మొదటి వారంలోనూ కూడా సీట్లు కదులుతుంటాయి. ఆశ వదులుకోకండి.

మూడోది అప్పీల్. సీటు కాదన్న ప్రతి స్కూల్ మీదా అప్పీల్ చేసుకునే హక్కు మీకుంది. డబ్బు కట్టక్కర్లేదు, లాయర్ అక్కర్లేదు. ఉత్తరం వచ్చాక కనీసం 20 స్కూల్ పనిదినాల గడువు ఇవ్వాలి. వినేది స్కూలుతో సంబంధం లేని కనీసం ముగ్గురు సభ్యుల ప్యానెల్. వాళ్ళు రెండు విషయాలు చూస్తారు. మొదటిది, నిబంధనలు చట్టబద్ధంగా ఉన్నాయా, మీ విషయంలో సరిగ్గా అమలయ్యాయా, ఇంకో పిల్లని చేర్చుకుంటే స్కూలుకి ఇబ్బందా. రెండోది, ఆ ఇబ్బంది ఎక్కువా, మీ పిల్ల ఆ స్కూలుకే వెళ్ళాల్సిన అవసరం ఎక్కువా అని తూచడం. చిన్న క్లాసుల్లో 30 మంది పరిమితి ఉంది కాబట్టి అక్కడ అప్పీల్ గెలవడం చాలా కష్టం. సెకండరీకి ఆ పరిమితి లేదు. అందుకే ఇక్కడ తూచడానికి చోటుంది.

ప్యానెల్ ముందు ఏం చెప్పాలి? "మాకు వచ్చిన స్కూల్ చెత్త" అని చెప్పడం వల్ల ఉపయోగం తక్కువ. "మావాడు క్లాస్ ఫస్ట్" అన్నా అంతే. "ఈ స్కూలే ఎందుకు" అన్నదానికి కాగితాలతో జవాబు ఉండాలి. ఆరోగ్య సమస్య ఉంటే డాక్టర్ ఉత్తరం, ఆ ఉత్తరంలో ఆ సమస్యకీ ఈ స్కూలుకీ ఉన్న సంబంధం. ప్రైమరీలో వేధింపులు జరిగి ఉంటే దాని రికార్డు. పిల్లకి గట్టి ఆసక్తి ఉన్న సబ్జెక్ట్ ఇక్కడ మాత్రమే ఉంటే దాని ఆధారం. ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి బెరుకుగా ఉంటే సాయంగా ఒకరిని తీసుకెళ్ళొచ్చు, దుబాసీ కావాలని ముందే అడగొచ్చు. మొహమాటపడకండి, అది మీ హక్కు.

చివరగా, ఏడాది మధ్యలో ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి. ఇల్లు కుదిరాక "ఇన్ ఇయర్" అప్లికేషన్ పెట్టాలి. కొన్నిచోట్ల కౌన్సిల్‌కి, కొన్నిచోట్ల నేరుగా స్కూలుకి. 15 స్కూల్ పనిదినాల లోపల రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. పేరున్న స్కూల్ నిండి ఉంటే, సీటున్న స్కూల్‌లో వేసి, అక్కడ చదివిస్తూనే వెయిటింగ్ లిస్ట్‌లో ఉండండి. పిల్లని నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. ఇల్లు ఇంకా వెతుక్కునే దశలోనే ఉంటే, అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ వీధికి ఏ స్కూళ్ళు అందుతాయో ఆ చివరి దూరాల పట్టిక చూసుకోండి.

మీ ఇంట్లో ఇయర్ 6 పిల్లలుంటే ఈ వారం మూడు పనులు చేయండి. కౌన్సిల్ అడ్మిషన్ల పుస్తకం డౌన్‌లోడ్ చేసుకోండి. మీరనుకున్న ప్రతి స్కూల్ పక్కన దాని నిబంధన, కిందటి ఏడాది చివరి దూరం, మీ ఇంటి దూరం రాసుకోండి. ఆ కాగితం ముందు పెట్టుకుని పిల్లతో కూర్చుని వరస తేల్చండి, ఎందుకంటే రోజూ వెళ్ళాల్సింది తను. ఇయర్ 5 పిల్లలుంటే గ్రామర్ పరీక్ష రిజిస్ట్రేషన్ తేదీలు ఇప్పుడే క్యాలెండర్‌లో వేసి పెట్టుకోండి.